పెన్‌డ్రైవ్ తీసుకోవడం లేదు

"కంప్యూటర్‌లో పెడితే బాగానే పాడుతోంది. దీంట్లో పెడితేనే తీసుకోవడం లేదు." ఇంట్లో స్ట్రీమింగ్ ఆంప్లిఫయర్ పెట్టుకున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అనే మాట ఇది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పాటలన్నీ ఒక హార్డ్ డిస్కులో ఉంటాయి. దాన్ని తెచ్చి ఆంప్లిఫయర్ వెనక గుచ్చితే డివైస్ లేదంటుంది, లేదా ఖాళీ జాబితా చూపిస్తుంది, లేదా రెండు పాటలు పాడి మూడోదాని దగ్గర ఆగిపోతుంది. అదే డిస్కు కంప్యూటర్‌లో నిక్షేపంగా పనిచేస్తోంది కదా, తప్పు ఆంప్లిఫయర్‌దే అనుకుంటాం. ఇక్కడే దారి తప్పుతాం. ఈ తగాదాలో కంప్యూటర్ సాక్ష్యం చెల్లదు.

స్ట్రీమింగ్ ఆంప్లిఫయర్ లోపల ఉన్నది కూడా చిన్న కంప్యూటరే. చాలావాటిలో నడిచేది లినక్స్. కాకపోతే అది ఒక్క పనికోసం కట్టిన కంప్యూటర్: దాని జ్ఞాపకశక్తి, అది యూఎస్‌బీ పోర్టుకు ఇవ్వగల కరెంటు, చదవగల డిస్కు పద్ధతులు అన్నీ ఫ్యాక్టరీలోనే ఖరారవుతాయి. బల్ల మీది కంప్యూటర్ అలా కాదు. కరెంటు ధారాళంగా ఇస్తుంది, పాత కొత్త పద్ధతులు చాలావరకు చదువుతుంది, డిస్కులో చిన్న లోపాలుంటే మనకు చెప్పకుండానే సర్దుకుపోతుంది. కాబట్టి కంప్యూటర్‌లో పాడటం వల్ల డిస్కు బతికి ఉందని మాత్రమే తెలుస్తుంది. ఆంప్లిఫయర్ అడిగేవన్నీ ఆ డిస్కులో ఉన్నాయని తెలియదు.

అందుకని పరీక్ష ఆంప్లిఫయర్ వైపు నుంచి మొదలుపెట్టాలి. 8 లేదా 16 జీబీ మామూలు పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. ఫ్యాట్32 అనే పద్ధతిలో (దాని సంగతి కింద వస్తుంది) ఫార్మాట్ చేసి, ఫోల్డర్లేవీ లేకుండా ఒకే ఒక్క ఎంపీ3 పాటను, ఇంగ్లిషు అక్షరాల చిన్న పేరుతో ఎక్కించండి. ఇంతకన్నా తేలికైన పని ఆంప్లిఫయర్‌కు ఉండదు. ఆ పాట పాడిందంటే పోర్టు, లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్), స్పీకర్ల దాకా ఉన్న దారంతా బాగున్నట్టే. లోపం మీ పెద్ద డిస్కులోనో, దాన్ని సిద్ధం చేసిన తీరులోనో ఉంది. పాడకపోతే ఇక పెద్ద డిస్కు జోలికి వెళ్లనక్కర్లేదు. పాడిన తర్వాత కూడా ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. కేబుల్ మార్చి, ఫార్మాట్ మార్చి, ఫర్మ్‌వేర్ కూడా ఎక్కించాక పాట వచ్చిందంటే, వీటిలో దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు. మళ్లీ చెడినప్పుడు మళ్లీ మొదటికే రావాలి.

ఆ ఒక్క పాట కూడా రాకపోతే ముందు గుచ్చిన చోటు చూడండి. వెనక ఉన్న చదరపు ఆకారపు యూఎస్‌బీ పోర్టు డిస్కుల కోసం కాదు. కంప్యూటర్ నుంచి ధ్వనిని తీసుకోవడానికి పెట్టింది. అక్కడ యజమాని కంప్యూటర్, ఆంప్లిఫయర్ దాని కింద పనిచేసే పరికరం. పాటలున్న డిస్కు పెట్టాల్సింది పొడవాటి, పలక లాంటి పోర్టులో. ఇక్కడ యజమాని ఆంప్లిఫయర్. కొన్ని మోడళ్లలో అలాంటి పలక పోర్టు ఉన్నా పక్కన ‘సర్వీస్’ అని రాసి ఉంటుంది. అది ఫర్మ్‌వేర్ ఎక్కించుకోవడానికే. ఫోన్ చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే పోర్టులూ ఉన్నాయి. కొనేముందే మాన్యువల్‌లో ఏ పోర్టు దేనికో చెప్పే వాక్యం వెతుక్కుంటే చాలా నిరాశ తప్పుతుంది.

ఇక కరెంటు సంగతి. పెన్‌డ్రైవ్ పాడి హార్డ్ డిస్కు పాడని ఇళ్లలో నేను మొదట అనుమానించేది దీన్నే.

తొలి యూఎస్‌బీ ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డెక్, నెక్, నార్టెల్ అనే ఏడు సంస్థలు కలిసి తెచ్చాయి. ఇంటెల్‌లో ఆ పనికి ముందు నిలిచిన ఇంజినీర్లలో అజయ్ భట్ ఒకరు. ఆయన డిగ్రీ చదివింది మన దేశంలోనే, వడోదరలో. కీబోర్డుకో రకం, మౌస్‌కో రకం, ప్రింటర్‌కో రకం ప్లగ్గు ఉన్న రోజుల్లో అన్నిటికీ ఒకే ప్లగ్గు చాలన్నది వాళ్ల ఆలోచన. కరెంటు లెక్క కూడా ఆ చిన్న పరికరాలను దృష్టిలో పెట్టుకుని వేసిందే. గుచ్చిన వెంటనే పరికరం 100 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకూడదు. తానెవరో, ఎంత కావాలో చెప్పుకుని, యజమాని సరేనన్నాక 500 దాకా తీసుకోవచ్చు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగాన్ని సెకనుకు 48 కోట్ల బిట్లకు పెంచింది కానీ ఈ 500 హద్దును అలాగే ఉంచింది. 2008లో యూఎస్‌బీ 3.0 దాన్ని 900 చేసింది. ఇళ్లలో ఉన్న ఆంప్లిఫయర్లలో చాలావాటికి ఉన్నది 2.0 పోర్టే.

జేబులో పట్టే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కులో లోహం పూసిన పళ్లేలుంటాయి. ఒక్కసారి తిరగడం మొదలయ్యాక వాటికి పెద్దగా కరెంటు అక్కర్లేదు. ఆగి ఉన్నవాటిని నిమిషానికి 5,400 చుట్ల వేగానికి తేవాలంటే మాత్రం మొదటి ఒకటి రెండు సెకన్లలో కొన్ని డిస్కులు 1 ఆంపియరు దాకా లాగుతాయి. 500 మిల్లీఆంపియర్లకు కట్టిన పోర్టు అంత ఇవ్వలేదు. ఇవ్వబోతే దాని రక్షణ సర్క్యూట్ పోర్టునే ఆపేస్తుంది. డిస్కు దీపం వెలుగుతుంది, టిక్కుమని చప్పుడొస్తుంది, ఆగుతుంది, మళ్లీ టిక్కుమంటుంది. చాలామంది ఆ చప్పుడు విని డిస్కు పోయిందనుకుంటారు. కరెంటు చాలక డిస్కును చదివే తల వెనక్కి వెళ్లి, మళ్లీ ప్రయత్నిస్తున్న చప్పుడు కావచ్చు అది.

కేబుల్ కూడా ఇందులో వాటాదారే. సన్నని యూఎస్‌బీ కేబుళ్లలో వాడే 28 గేజి రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓముల నిరోధం ఉంటుంది. కరెంటు వెళ్లడానికో తీగ, తిరిగి రావడానికో తీగ కాబట్టి మీటరు కేబుల్‌లో మొత్తం 0.42. దాంట్లో 1 ఆంపియరు పోతే 0.42 వోల్టులు దారిలోనే ఖర్చయిపోతాయి. పోర్టు దగ్గర 5 వోల్టులకు బదులు నియమం ఒప్పుకునే కనీసం, అంటే 4.75 ఉందనుకోండి, డిస్కుకు చేరేది 4.33. ఇది చాలక డిస్కు తడబడుతుంది. డిస్కుతో వచ్చిన పొట్టి కేబుల్ పారేసి, ఆంప్లిఫయర్ అలమర వెనక నుంచి తెచ్చుకోవడానికి వీలుగా ఉంటుందని పొడవాటిది కొన్న ఇళ్లలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొట్టిది, తీగ లావుగా ఉన్నది వాడాలి. అప్పటికీ కుదరకపోతే సొంత అడాప్టర్ ఉన్న డిస్కు తీసుకోవాలి. మూడున్నర అంగుళాల పెద్ద డిస్కులకు 12 వోల్టులు కావాలి కనుక అవి ఎలాగూ అడాప్టర్‌తోనే వస్తాయి. అడాప్టర్ ఉన్న హబ్ మధ్యలో పెట్టడం మరో దారి. అయితే కొన్ని ఆంప్లిఫయర్లు హబ్‌ను అసలు ఒప్పుకోవు, అదీ మాన్యువల్‌లోనే తేలాలి. తిరిగే భాగాలే లేని పెన్‌డ్రైవ్‌తో గానీ, తక్కువ కరెంటు తీసుకునే ఎస్ఎస్‌డీతో గానీ ఈ బాధ చాలావరకు ఉండదు.

తిరిగే డిస్కులకు నిద్ర అలవాటు కూడా ఉంది. కాసేపు ఎవరూ ఏమీ అడక్కపోతే పళ్లేలు ఆగిపోతాయి. ఆంప్లిఫయర్ ఒక పాటలో కొంత భాగాన్ని ముందే తన మెమరీలోకి లాక్కుని పాడుతూ ఉంటుంది, ఈలోగా డిస్కు నిద్రపోతుంది. తర్వాతి పాట అడిగేసరికి లేచి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఓపిగ్గా ఆగే ఆంప్లిఫయర్లున్నాయి, డిస్కు పోయిందని జాబితా మూసేసేవీ ఉన్నాయి. చాలాసేపు పాడాక, అదీ పాట మారేచోటే ఆగుతోందంటే ఈ నిద్రను అనుమానించండి.

వేగం చాలక ఆగుతోందేమో అనే సందేహం మాత్రం పెట్టుకోకండి. సీడీ నాణ్యత ఉన్న సంగీతానికి సెకనుకు 1,76,400 బైట్లు చాలు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని గొప్పగా రాసుకునే ఫైళ్లకు కూడా సెకనుకు సుమారు 92 లక్షల బిట్లే కావాలి. యూఎస్‌బీ 2.0 కాగితం మీది వేగంలో అది యాభయ్యో వంతు. పాట కోసమైతే 3.0 డిస్కు కొనాల్సిన పని లేదు. పైగా దాంతో ఒక చిక్కు ఉంది. 3.0 వేగంతో నడిచే కేబుళ్లు, ప్లగ్గులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద వెదజల్లుతాయని ఇంటెల్ 2012లో ఒక పత్రంలో చూపించింది. మన వైఫైలో ఒక భాగం నడిచేది సరిగ్గా అక్కడే. డిస్కు గుచ్చగానే ఇంటర్నెట్ రేడియో ఆగిపోతోంది, తీసేస్తే వస్తోంది అంటే కారణం ఇది కావచ్చు. ఆంప్లిఫయర్ పోర్టు కూడా 3.0 అయినప్పుడే ఈ సమస్య వస్తుంది. డిస్కును యాంటెనా నుంచి దూరంగా జరపడం, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం, లేదా ల్యాన్ తీగ వేయడం దీనికి విరుగుడు.

కరెంటు సరిపోయింది, ఆంప్లిఫయర్ డిస్కును గుర్తించింది, కానీ లోపల పాటలేవీ లేవంటోంది. ఇప్పుడు చూడాల్సింది ఫైల్ సిస్టమ్.

డిస్కును పొలంగా అనుకుంటే ఫైల్ సిస్టమ్ ఊళ్లోని పహాణీ, అడంగల్ లాంటిది. ఏ ముక్క ఎవరిది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నది ఆ పుస్తకంలో ఉంటుంది. పుస్తకం చదవడం రాని అధికారికి పొలం కళ్లెదుటే ఉన్నా ఎవరిదో తెలియదు. ఆంప్లిఫయర్‌కూ అంతే: పాటల బైట్లన్నీ డిస్కు మీద భద్రంగా ఉన్నా, రికార్డు రాసిన పద్ధతి తనకు రాకపోతే డిస్కు ఖాళీయే.

ఈ పద్ధతుల్లో అందరికీ వచ్చినది ఫ్యాట్. దీని మొదటి రూపం 1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ రాశాడు. ఇప్పుడు మనం వాడే ఫ్యాట్32 1996లో వచ్చింది. సరళమైనది కాబట్టి కారు స్టీరియో నుంచి టీవీ దాకా అన్నీ చదువుతాయి. దీని పరిమితి ఫైలు పరిమాణానిది. పరిమాణం రాయడానికి 32 బిట్ల గడి మాత్రమే ఉంది కాబట్టి ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరకూడదు. విడి పాటలకు దీంతో ఇబ్బంది లేదు. రాత్రంతా జరిగిన కచేరీని ఒకే వేవ్ ఫైలుగా రికార్డు చేసినవాళ్లకు మాత్రం అడ్డం పడుతుంది. ఇంకో చిక్కు మానవకల్పితం. విండోస్‌లోని ఫార్మాట్ కిటికీ 32 జీబీ దాటిన డ్రైవ్‌కు ఏళ్ల తరబడి ఫ్యాట్32 ఎంపికే చూపించలేదు. ఫ్యాట్32 స్వతహాగా 2 టీబీ దాకా పనిచేస్తుంది. ఈ సంగతి తెలియక, పెద్ద డ్రైవ్‌కు ఫ్యాట్32 కుదరదనుకుని ఎంతోమంది ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకున్నారు. పెద్ద పెన్‌డ్రైవ్‌లు చాలావరకు కంపెనీ నుంచే ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి కూడా.

ఎక్స్‌ఫ్యాట్ 2006లో వచ్చింది. పేటెంట్లు మైక్రోసాఫ్ట్ చేతిలో ఉండేవి. 2019 ఆగస్టులో ఆ సంస్థ దాని వివరాలు బహిరంగపరిచాకే లినక్స్ కెర్నల్‌లోకి అది నేరుగా చేరింది. అదే ఏడాది చివర్లో తొలి డ్రైవర్, 2020లో మెరుగైనది వచ్చాయి. మీ ఆంప్లిఫయర్ అంతకు ముందు తయారైందా, దాని కంపెనీ విడిగా లైసెన్సు కొనిందా అన్నదాని మీద మీ 128 జీబీ పెన్‌డ్రైవ్ భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. విండోస్ సొంత పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993 నుంచీ ఉంది. చాలా ఆంప్లిఫయర్లు చదువుతాయి, కొన్ని చదవవు. యాపిల్ వాడే ఏపీఎఫ్‌ఎస్‌ను చదివేవి అరుదు. విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసిన డిస్కును ఆంప్లిఫయర్ తెరవలేదు, దాన్ని అడగడమే అన్యాయం.

ఫైల్ సిస్టమ్ కంటే ముందు ఇంకో మెట్టు ఉంది. డిస్కును భాగాలుగా పంచిన వివరం మొట్టమొదటి సెక్టారుల్లో ఉంటుంది. పాత పద్ధతి ఎంబీఆర్, కొత్తది జీపీటీ. ఎంబీఆర్ 2 టీబీ దాటి లెక్కించలేదు కాబట్టి పెద్ద డిస్కులు జీపీటీలో వస్తాయి, పాత ఆంప్లిఫయర్లకు అది అర్థం కాదు. మ్యాక్‌లో జీపీటీ పద్ధతిలో ఫార్మాట్ చేసినప్పుడు ముందు భాగంలో 200 ఎంబీల చిన్న రహస్య విభాగం ఒకటి ఏర్పడుతుంది. మొదటి విభాగాన్ని మాత్రమే చూసే ఆంప్లిఫయర్ అక్కడికి వెళ్లి, పాటలేవీ కనబడక వెనక్కి వస్తుంది. ఫ్యాట్32లోనే పెట్టాను కదా అని తల పట్టుకునేవాళ్లు ఈ ఒక్కటీ చూసుకోవాలి: మ్యాక్ డిస్క్ యుటిలిటీలో ‘స్కీమ్’ అన్నచోట మాస్టర్ బూట్ రికార్డ్ ఎంచుకుని మళ్లీ ఫార్మాట్ చేయాలి. ఫార్మాట్ అంటే ఉన్నదంతా పోతుంది కనుక పాటలకు ఇంకోచోట నకలు ఉండి తీరాలి.

మ్యాక్ నుంచి ఎక్కించినవాళ్లకు ప్రతి పాటా రెండుసార్లు కనిపించడం, అందులో ఒకటి పాడకపోవడం కూడా అనుభవమే. ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్‌లలో చోటు లేని అదనపు సమాచారాన్ని మ్యాక్ విడి ఫైలుగా, చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేరుతో రాస్తుంది. సాధారణంగా 4 కేబీ ఉంటుంది. చివర ఎంపీ3 అని ఉంది కాబట్టి ఆంప్లిఫయర్ దాన్ని పాటే అనుకుంటుంది. వాటిని తీసేస్తే సరి.

పాటలు ఎక్కించగానే ‘ఎజెక్ట్’ అనకుండా లాగేస్తే జరిగే నష్టం వేరు. కంప్యూటర్ రాయాల్సినదాంట్లో కొంత తన మెమరీలో పెట్టుకుని తర్వాత రాస్తుంది. మధ్యలో లాగితే డిస్కు మీద ‘సరిగ్గా మూయలేదు’ అనే గుర్తు మిగిలిపోతుంది. కంప్యూటర్ ఆ గుర్తును చూసీ చూడనట్టు తెరుస్తుంది. జాగ్రత్త ఎక్కువున్న ఆంప్లిఫయర్ తెరవదు. నిన్నటిదాకా పాడిన డిస్కు కొత్త పాటలు ఎక్కించాక ఆగిపోయిందంటే, కంప్యూటర్‌లో పెట్టి లోపాలు వెతికించి, పద్ధతిగా బయటికి తీసి చూడండి.

మొదటి పాటలు బాగుండి, తర్వాతివి కర్రుమంటూనో నిశ్శబ్దంగానో ఉంటే కథ ఇంకోటి. చవకగా వచ్చిన 1 టీబీ, 2 టీబీ పెన్‌డ్రైవ్‌లలో నకిలీవి ఉంటాయి. లోపల ఉన్నది 32 జీబీ చిప్పే అయినా, దాని కంట్రోలర్ పెద్ద అంకె చెప్పేలా మార్చి అమ్ముతారు. అసలు చోటు నిండాక రాసినదంతా పాతదాని మీద పడుతుంది, లేదా ఎక్కడా పడదు. ఫ్యాట్ పద్ధతిలో పట్టిక డిస్కు మొదట్లోనే ఉంటుంది, అందుకే పేర్లన్నీ పొందిగ్గా కనిపిస్తాయి; పాట మాత్రం ఉండదు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి నిజం తేలుస్తాయి. ఏ పెన్‌డ్రైవ్ కొన్నా పాటలు ఎక్కించేముందు ఈ పరీక్ష చేయడం మంచిది.

అన్నీ కుదిరి పాట మొదలయ్యాక తెలుగువాళ్లకు మిగిలే సమస్య పేర్లది. తెర మీద సినిమా పేరు ఉండాల్సినచోట ఏదో పిచ్చిరాత. ఈ పిచ్చిరాతలు మూడు రకాలు, మూడింటికీ కారణాలు వేరు.

నెత్తిన చిన్న గీత ఉన్న రోమన్ ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తో, కూడిక తీసివేతలు కలిసిన గుర్తో పదేపదే వస్తుంటే, రాసింది యూటీఎఫ్-8లో, చదివింది పాత లాటిన్ పద్ధతిలో అని అర్థం. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. మొదటి రెండు బైట్లు తెలుగు మొత్తానికీ దాదాపు ఒకటే, అందుకే ఆ జంట ప్రతిచోటా కనిపిస్తుంది. ఎంపీ3 ఫైలులో పాట, ఆల్బం పేర్లు రాసే ట్యాగ్‌ల 2.3 రూపంలో యూటీఎఫ్-8కు చోటే లేదు. 2000లో వచ్చిన 2.4లో చేర్చారు. ట్యాగ్ ఎడిటర్‌లో 2.3, యూటీఎఫ్-16 అని ఎంచుకుని మళ్లీ సేవ్ చేస్తే చాలా ఆంప్లిఫయర్లలో ఇది సర్దుకుంటుంది. ఫ్లాక్ ఫైళ్లలో ట్యాగ్‌లు ఎప్పుడూ యూటీఎఫ్-8లోనే ఉంటాయి కాబట్టి అక్కడ గొడవ తక్కువ. 1996 నాటి మొదటి ట్యాగ్‌ను మాత్రమే రాసిన పాత పాటలైతే ఇంకో రకంగా విరుగుతాయి. అందులో ఆల్బం పేరుకు ఇచ్చింది 30 బైట్లు. ‘పాతాళభైరవి’లో గుణింతాలతో కలిపి పది సంకేతాలు, సరిగ్గా 30 బైట్లు, అంచుకు అంచు సరిపోతుంది. ‘సీతారామ కల్యాణం’కు 43 కావాలి. కాబట్టి ‘సీతారామ కల’ దాకా వచ్చి, ఆ తర్వాతి పొల్లు గుర్తు మూడు బైట్లలో రెండు మాత్రమే పట్టి, చివర ఒక ప్రశ్నార్థకం మిగులుతుంది.

ఖాళీ డబ్బాలు వరసగా కనిపిస్తే ట్యాగ్‌లో తప్పేమీ లేదు. ఆంప్లిఫయర్‌లో తెలుగు ఫాంట్ లేదు. ఫర్మ్‌వేర్ కొత్తది వస్తే తప్ప మనం చేయగలిగింది తక్కువ.

మూడోది అక్షరాలు కనిపిస్తూనే చెదిరిపోవడం. ‘కల్యాణం’లో ల కింద చేరాల్సిన యావత్తు పక్కన విడిగా య అయి నిలబడుతుంది, ల నెత్తిన పొల్లు అలాగే ఉంటుంది. ఫైలులో ఉన్నది నిజానికి ఆ మూడు సంకేతాలే: ల, పొల్లు, య. వాటిని కలిపి వత్తుగా కూర్చడం తెర వెనక ఉండే సాఫ్ట్‌వేర్ పని, ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆంప్లిఫయర్‌లో పెట్టలేదు. అదే ఆల్బంను ఫోనులోని యాప్‌లో తెరిచి చూడండి. ఆంప్లిఫయర్ యాప్‌కు పంపేది బైట్లే. కూర్పు పని ఫోను చేసుకుంటుంది. తెర మీద విరిగి, ఫోనులో కుదురుగా ఉంటే ట్యాగ్‌ను మార్చకండి, అది సరిగానే ఉంది.